అమ్మ చేత అన్నం మానిపించకండి, ముందు నడుము కొలవండి

పర్లాకిమిడిలో ఉన్న అమ్మగారికి 68 ఏళ్లు, ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు, షుగరూ బీపీ మోకాళ్ల నొప్పులూ ఉన్నాయి, అన్నం పూర్తిగా మానిపించాలా అని అడిగారు. వద్దండీ.

ఆవిడ బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 31. మనవాళ్లకి 25 నుంచే ఊబకాయం కింద లెక్క. 30-35 మధ్య ఉంటే ఆయుష్షు 2 నుంచి 4 ఏళ్లు తగ్గుతుందని 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అయితే ఆ అధ్యయనంలో చేరినప్పుడు జనం సగటు వయసు 46. 68 ఏళ్ల మనిషికి అదే అంకె అంటగట్టలేం. ఈ వయసులో కడుపు మాడిస్తే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. తర్వాత బాత్రూంలో పడి తుంటి విరగొచ్చు.

అసలు చేటు పొట్టలోని కొవ్వుది. అది కాలేయానికి పట్టి ఇన్సులిన్‌ని పనిచేయనివ్వదు, బీపీనీ పెంచుతుంది. కింది పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యన, ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా చుట్టి చూడండి. బొడ్డు దగ్గరో చీర కుచ్చిళ్ల మీదో కొలిస్తే లెక్క తప్పుతుంది. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

ఆరు నెలల్లో 4 నుంచి 7 కిలోలు తగ్గితే చాలు. కిలో తగ్గితే నడిచేటప్పుడు అడుగడుక్కీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం దిగుతుంది. మధ్యాహ్నం పొఖాళ (ఒడిశా వైపు తినే, నీళ్లలో నానబెట్టిన అన్నం) మానక్కర్లేదు గానీ చిన్న గిన్నెకి మార్చండి. నీళ్లతో జారిపోతుంది కాబట్టి ఎంత తిన్నారో తెలీదు. పక్కన నంజుకునే ఎండుచేపల ఉప్పు బీపీకి మరీ చెరుపు. మాంసకృత్తులు రోజుకి 60-70 గ్రాములు అందాలి: రెండు గుడ్లకి 12, 50 గ్రాముల కందిపప్పుకి 11, వంద గ్రాముల చేపకి 18 దాకా వస్తాయి. ముందు కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి, కిడ్నీ దెబ్బతిని ఉంటే ఈ లెక్క డాక్టరే చెప్పాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే కండబలం తగ్గినట్టే. అదే కసరత్తు రోజూ చేయించండి.

గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్ర వేసుకుంటూ తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. తిండి మార్చకముందే డాక్టరుతో మోతాదు మాట్లాడండి. ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల్లో మూడున్నర కిలోలు తగ్గితే మాత్రం సంబరపడకుండా వెంటనే చూపించండి.