విల్జోయెన్‌ల మీద వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయీ,

దక్షిణాఫ్రికా విల్జోయెన్‌ల ఇంటిపేరు మీద నీ వ్యాసం అందింది. వాక్యం బాగా నడుస్తోంది. కానీ మొదటి పేజీలోనే ఒక రాజముద్ర బొమ్మ అతికించి కింద ‘వీరుల వంశం’ అన్నావు చూడూ, అక్కడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశాను. మనలోనూ అంతే. ఇంటిపేరు గురించి రాయమంటే ప్రతివాడూ ఏ కాకతీయుల సేనాపతి దగ్గరో మొదలెడతాడు. కూలివాడి దగ్గర మొదలైన వంశం ఒక్కటీ లేదు కాబోలు!

ఆ వంశానికి మూలపురుషుడు ఫ్రాన్స్వా వియోఁ, బండ్లు చేసే పనివాడు. అతను దక్షిణాఫ్రికా కేప్ చేరింది 1671లో. నువ్వేమో 1685లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ప్రొటెస్టెంట్ల హక్కులు లాగేసుకోగానే ప్రాణాలు అరచేత పెట్టుకుని పారిపోయి వచ్చాడన్నావు. పద్నాలుగేళ్ళ ముందే వచ్చినవాడు ఎలా పారిపోయాడమ్మా? 1688, 89 ఓడల్లో అలా పారిపోయి వచ్చిన జుబేర్లూ, డివిలియర్స్ అన్నదమ్ములూ వేరు. చరిత్రలో పెద్ద గొడవ ఒకటి కనబడితే చాలు, అందరినీ దాని ఓడే ఎక్కించేస్తారు మీ కాలం వాళ్ళు.

అసలు కథ నువ్వు ఒక్క ముక్కలో దాటేసిన చోట ఉంది. అతను పెళ్ళాడింది మిడిల్‌బర్గ్ నుంచి వచ్చిన కోర్నేలియా కాంపెనార్ అనే డచ్చి పిల్లని. ఊరు డచ్చి కంపెనీది, చిట్టాలు రాసేదీ డచ్చి గుమాస్తాలే. ఇక ఇంట్లో పిల్లల్ని పిలిచేదీ డచ్చి నోరే. ఇంటిపేరు తండ్రిది, పలికే నోరు తల్లిది. డచ్చిలో ‘జె’ అంటే య, ‘ఓ, ఈ’ కలిస్తే ఊ. ఇప్పుడు విల్జోయెన్ (Viljoen) అక్షరాలు కూడబలికి చూడు. ఆ డచ్చిలోంచి పుట్టిన ఆఫ్రికాన్స్ భాష వాళ్ళు ‘ఫిల్యూన్’ అంటారు. వియోఁ అక్కడే ఉన్నాడు, చెవి పెడితే వినబడతాడు. 2016లో జోహన్నెస్‌బర్గ్ టెస్టులో తన మొదటి బంతికే ఇంగ్లండ్ కెప్టెన్ కుక్‌ని అవుట్ చేసిన క్రికెటర్ హార్డస్ విల్జోయెన్ పేరు మనం అక్షరాలు చూసి పలికాం, అంతే. నువ్వు వలస కథ రాస్తూ ఆ పేరు ఒక్కసారి కూడా పైకి పలికి చూసుకోలేదు!

మా ఇంటిపేరులో బండి ఱ ఉంది. నా మొదటి కథ వేసిన వారపత్రిక సంపాదకుడు ‘ఈ రోజుల్లో బండి ర ఎందుకండీ’ అని మామూలు ర వేయించాడు. ఆధునికత అట! పత్రిక పట్టుకుని ఊరికి వెళ్తే మా నాన్న కథంతా చదివి, పేరు దగ్గర ఆగి, ‘బాగుంది, ఎవర్రా ఇతను?’ అన్నాడు. వేళాకోళమో కాదో చివరిదాకా తెలియలేదు. తర్వాత ముప్ఫై ఏళ్ళు ఆ ర తోనే అచ్చయ్యాను. ఇప్పుడు మా మనవడికి ఱ రాయడం రాదు.

ముద్ర బొమ్మ పీకి పారెయ్. పెళ్ళి దగ్గర మొదలుపెట్టి మళ్ళీ రాయి. ఎంత పొడుగు ఉండాలని నన్నడక్కు.

ఆఖరి కాగితం వెనకాల పెన్సిల్‌తో మీ అమ్మమ్మ పుట్టింటి పేరు రాసి కొట్టేశావు. సగమే కనిపిస్తోంది. ఈసారి ఉత్తరంలో అది పూర్తిగా రాసి పంపు.