తపాలా పెట్టె తాళం చెవి

పోయిన ఆదివారం మా స్నేహితుడి కొడుకు భోజనానికి వచ్చాడు. ఉద్యోగం మీద న్యూజెర్సీలో దిగి నాలుగు నెలలయింది. ఒక చేతిలో మిఠాయి డబ్బా, ఇంకో చేతిలో ఉబ్బిపోయిన ప్లాస్టిక్ సంచీ. ఏమిటని అడిగితే, "ఉత్తరాలు బాబాయ్. ఏవి పనికొచ్చేవో, ఏవి చెత్తో తెలియక ఏదీ విప్పలేదు" అన్నాడు. లెక్కపెడితే ఇరవై మూడు కవర్లు. ముందు తినమని మా ఆవిడ కోప్పడింది కాబట్టి తిన్నాం. తర్వాత బల్ల తుడిచి, కత్తెర తెచ్చుకుని కూర్చున్నాం.

కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగేవి ఏ కారు కొనాలి, ఏ దుకాణంలో కందిపప్పు బాగుంటుంది, ఇలాంటివే. అవి మీతో గదిలో ఉండేవాళ్లు నాకన్నా బాగా చెబుతారు. తపాలా పెట్టె సంగతి మాత్రం ఎవరూ అడగరు. మన ఊళ్లో ఏదైనా ముంచుకొస్తే ఎవరో ఒకరు వచ్చి తలుపు కొడతారు. ఇక్కడ తెల్ల కవరొకటి వచ్చి పెట్టెలో కూర్చుంటుంది. లోపల గడువు తేదీ ఉంటుంది, మీరు విప్పినా విప్పకపోయినా అది దాటిపోతుంది.

నేను నేర్చుకున్నది దెబ్బ తినే. 2004లో ఎడిసన్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్లం. జీతానికీ పన్నులకూ కావలసిన నంబరు ఉండే సోషల్ సెక్యూరిటీ కార్డుకు దరఖాస్తు పెట్టి, రోజూ సాయంత్రం పెట్టె తెరిచి చూసేవాడిని. పిజ్జా కూపన్లు వచ్చేవి, పరుపుల అమ్మకం కాగితాలు వచ్చేవి, కార్డు రాదు. నెల దాటాక ఒక శనివారం, ఉత్తరాలు పంచే ఆవిడ కోసం మెట్ల దగ్గర కాపు కాశాను. ఆవిడ పెట్టె తలుపు లోపలివైపు అంటించిన చీటీ చూపించింది. దాని మీద ఒకటే పేరు, లీజు తీసుకున్న మిత్రుడిది. చీటీ మీద లేని పేరుతో వచ్చినవి కొన్ని వెనక్కి వెళ్లాయని చెప్పింది. ఆవిడ తప్పేమీ లేదు, ఆ పేరుగలవాడు అక్కడ ఉన్నాడని ఆవిడకు ఎలా తెలుస్తుంది? అక్కడికక్కడే చీటీ రాసి ఇచ్చాను. మళ్లీ దరఖాస్తు, మళ్లీ ఎదురుచూపు. ఈలోగా డ్రైవింగ్ లైసెన్సు పని ఆగింది, మన దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డుకు కూరగాయలకు వెళ్లాలన్నా కారున్నవాళ్ల దయ. కాబట్టి ఇల్లు దిగిన రోజే పెట్టె మీద మీ పేరు రాయండి. భార్య ఇంటిపేరు వేరుగా ఉంటే అదీ రాయండి. ఆ కార్డు చేతికి వచ్చాక నంబరు కంఠస్థం చేసి, కార్డును ఇంట్లో దాచండి. పర్సులో తిప్పకండి.

పేరంటే గుర్తొచ్చింది. మనవాళ్లలో కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివారి పేరు వీసాలో ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండాల్సిన చోట "ఎఫ్‌ఎన్‌యు" అనే మూడక్షరాలు పడతాయి. పేరు తెలియదు అని దాని అర్థం. తల్లిదండ్రులు బారసాల చేసి పెట్టిన పేరు తెలియకపోవడమేమిటని నవ్వుకోవచ్చు గానీ, బ్యాంకులో ఒకలా, లైసెన్సులో ఒకలా, జీతం కాగితాల్లో మరొకలా పడితే ఏళ్ల తరబడి సంజాయిషీలు చెప్పుకోవాలి. వీలైతే బయలుదేరకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోండి.

ఇల్లు మారితే పది రోజుల్లోగా ఏఆర్-11 ఫారం నింపి ఇమిగ్రేషన్ శాఖకు తెలపాలి. ఇంట్లో పౌరులు కానివాళ్లు ఎందరుంటే అందరి పేర్లతోనూ. తపాలా కార్యాలయంలో చిరునామా మార్చుకున్నాం కదా అనుకుంటే చాలదు.

ఇక ఆ సంచీ. సగానికి పైగా ప్రకటనలే. బ్యాంకు పేరు లేని సాదా కవర్లు రెండింటిలో డెబిట్ కార్డులు బయటపడ్డాయి. మొదటిది రాలేదని ఫోను చేసి రెండోది తెప్పించుకున్నాడట, అదీ రాలేదని తిట్టుకుంటున్నాడు! టోలు నోటీసులు రెండు. మొదటిదాంట్లో కాఫీ ఖరీదంత సొమ్ము, రెండోదాంట్లో దానికి జరిమానా తోడయింది. ఇన్సూరెన్స్ కంపెనీ కాగితం చూసి మాత్రం అతని ముఖం పాలిపోయింది. జ్వరానికి అర్ధరాత్రి ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాడట. అంకె వేలల్లో ఉంది. పైన చూడు అన్నాను. "ఇది బిల్లు కాదు" అని రాసి ఉంది. ఆసుపత్రి వాళ్ల అసలు బిల్లు వేరే కవరులో వస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి, మీరు కట్టవలసిన మొత్తం రెండింటిలో ఒకటేనా అని చూడండి. తేడా ఉంటే ఫోను చేసి, దేనికెంత వేశారో పద్దులవారీగా పంపమని అడగండి. వాయిదాల్లో కడతానన్నా చాలాచోట్ల ఒప్పుకుంటారు, అడగడానికి మొహమాటపడేది మనమే. మామూలు జ్వరానికి అర్జెంట్ కేర్ క్లినిక్కులు ఉన్నాయి, ఖర్చూ తక్కువ.

జ్యూరీకి, అంటే కోర్టు కేసుల్లో తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందానికి, రమ్మనే ఉత్తరం కూడా ఉంది. లైసెన్సు జాబితాల్లోంచి పేర్లు తీస్తారు కాబట్టి పౌరులు కానివాళ్లకూ వస్తుంది. మనకెందుకులే అని పారేయకూడదు. పౌరుడిని కానని గుర్తు పెట్టి తిప్పి పంపాలి. లైసెన్సు కార్యాలయంలో ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగినా, మర్యాదకు తలూపే మన అలవాటును కాస్త ఆపుకోండి. పొరపాటున పౌరుడినని సంతకం పెడితే గ్రీన్ కార్డు సమయంలో మెడకు చుట్టుకుంటుంది.

పెట్టెలోకి రాని కాగితం ఒకటుంది, ఐ-94. ఈ దేశంలో ఏ తేదీ దాకా ఉండవచ్చో చెప్పేది అదే. దేశంలోకి అడుగుపెట్టిన ప్రతిసారీ వెబ్‌సైట్‌లో తీసి తేదీ చూసుకోండి. పాస్‌పోర్టు గడువు దగ్గరపడితే వీసా ఆమోదం ఇంకా ఉన్నా ఆ తేదీకే కుదించి ఇస్తుంటారు. అలాగే, పన్ను లెక్కల్లో మీరు ఇక్కడి రెసిడెంటు అయ్యాక, ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక దాఖలు చేయాలి. నాన్నగారితో కలిపి ఉన్న జాయింటు ఖాతా కూడా లెక్కలోకి వస్తుంది. పన్ను బాకీ అని ఫోనులో ఎవరైనా గద్దించి, గిఫ్టు కార్డులు కొని నంబర్లు చెప్పమంటే ఫోను పెట్టేయండి. పన్నుల శాఖ మామూలుగా ముందు ఉత్తరమే రాస్తుంది. అది మీ పెట్టెలో ఉంటుంది, తాళం చెవి ఎక్కడుందో గుర్తుంటే.

చీకటి పడేసరికి బల్ల మీద మూడు కుప్పలు తేలాయి. ఖాళీ అయిన సంచీలో మా ఆవిడ గోంగూర పచ్చడి సీసా పెట్టి ఇచ్చింది. జ్యూరీ జవాబు మాత్రం అతని చేతికి ఇవ్వలేదు. సంతకం పెట్టించుకుని, అతన్ని దింపడానికి వెళ్తూ దారిలో నేనే పోస్టు డబ్బాలో వేశాను.