నాలుగేళ్ల డిగ్రీనా, ఏడాది డిప్లొమానా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ పూర్తిచేసింది. నీట్‌లో ర్యాంకు రాలేదు, స్పీచ్ థెరపీ చదువుతానంటోంది. ఏడాది డిప్లొమా చేస్తే చాలు, క్లినిక్ పెట్టుకోవచ్చని ఒకాయన చెబుతున్నాడు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. ఎక్కడ చేర్పించమంటారు?

జవాబు: ముందు ఆయనకు అడ్వాన్సు ఇవ్వకండి. డి.హెచ్.ఎల్.ఎస్. (వినికిడి, భాష, మాటల డిప్లొమా) అని గుర్తింపున్న ఏడాది డిప్లొమా ఉన్న మాట నిజమే. కానీ అది చదివినవాళ్లు థెరపిస్టు చేతికింద సహాయకులుగా పనిచేస్తారు. సొంతంగా బోర్డు పెట్టాలంటే బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట చికిత్సల) డిగ్రీ ఉండాలి. మూడేళ్లు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్పు. ఆ తరవాత ఈ చదువులకు గుర్తింపిచ్చే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరెక్కి, నంబరు వస్తుంది. ఆ నంబరు లేకుండా ప్రాక్టీసు చేయడం 1992 నాటి చట్టం ప్రకారం నేరం.

అందుకే కాలేజీ బిల్డింగు చూసి మురిసిపోకుండా, ఆ కోర్సుకు ఈ విద్యాసంవత్సరానికి అనుమతి ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైటులో చూడండి. గోడకు తగిలించిన పాత పత్రాన్ని నమ్మకండి.

ఇంకో మాట. పేరు స్పీచ్ అయినా చదువులో సగం చెవిదే. వినికిడి పరీక్షలు, హియరింగ్ ఎయిడ్ అమర్చడం, ఇయర్ మౌల్డులు (చెవి ఆకారానికి సరిపోయే అచ్చులు), అన్నీ చేయాలి. అది తెలియక చేరి రెండో ఏడాది గింజుకునేవాళ్లను చూశాను.

కాలేజీల్లో నా మొదటి ఓటు మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకే. దానికి ప్రవేశ పరీక్ష ఉంటుంది, పోటీ గట్టిది. సీటొస్తే వదలకండి. రాకపోతే ముంబైలోని అలీ యావర్ జంగ్ సంస్థకు సికింద్రాబాద్‌లో శాఖ ఉంది, అక్కడ ప్రయత్నించండి. మీకు దగ్గర కావాలంటే భువనేశ్వర్‌లోనూ ఈ కోర్సుంది. ఈ రెండింట్లో నన్నడిగితే, మీ ఇంటి భాష తెలుగు కాబట్టి సికింద్రాబాద్ అంటాను. క్లినిక్‌లో ఎదురుగా కూర్చునే పిల్లల భాష రాకపోతే ఈ చదువు సగమే వంటబడుతుంది.

మీ అమ్మాయికి రెండు భాషలు రావడం అడ్డం కాదు, ఆస్తి. మీ వైపు ఒడియా ఇంటి పిల్లాడు తెలుగులో "వంకాయ"ను "బంకాయ" అంటాడు. ఒడియాలో మనలా వ, బ వేరుగా పలకరు కదా! ఆ సంగతి తెలియని థెరపిస్టు దాన్ని ఉచ్చారణ దోషమని రాసేస్తాడు. మీ అమ్మాయి నవ్వి ఊరుకుంటుంది. అదే అయిదేళ్ల పిల్లాడు "కాకి"ని "తాతి" అంటే అది తెలుగు అలవాటూ కాదు, ఒడియా అలవాటూ కాదు. అక్కడ పెన్ను తీయాలి. మాట ఆలస్యమైన పిల్లాడి తల్లితో "ఇంట్లో ఒక్క భాషే మాట్లాడండి" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు. ఆ మాట తల్లి భాషలో చెప్పేవాళ్లు మీ జిల్లాలో కావాలి.

ఉద్యోగాలంటారా? ఆసుపత్రులు, పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రాలు, ప్రత్యేక పాఠశాలలు ఉన్నాయి. మొదట్లో జీతాలు ఘనంగా ఉండవు.

దరఖాస్తు పెట్టకముందే ఒక పూట బరంపురంలోనో విశాఖలోనో తెలిసిన క్లినిక్‌లో అనుమతి తీసుకుని అమ్మాయిని కూర్చోబెట్టండి. మూడేళ్ల పిల్లాడి చేత "ప" అనిపించడానికి నలభైసార్లు బుడగలు ఊదుతారు. నలభయ్యోసారి కూడా మీ అమ్మాయి పిల్లాడి పెదవుల వంకే చూస్తుంటే ఫారం నింపేయండి. ఫోను తీసి చూసుకుంటుంటే నాకు మళ్లీ రాయండి, వేరే దారి చూద్దాం.