పెద్ద పలకకు ఏ క్వాంటమ్ డాట్లు? సీసాలో మెరుపు చూసి ఎంచుకోకండి

మీ ప్రశ్న ఇదీ: ల్యూమినెసెంట్ సోలార్ కాన్సెంట్రేటర్ (ఎండను పీల్చి, వెలుగును అంచుల్లోని సోలార్ సెల్స్‌కు చేర్చే పలక) ప్రాజెక్టుకు కాడ్మియం సెలినైడ్, పెరోవ్‌స్కైట్, కాపర్ ఇండియం సల్ఫైడ్ క్వాంటమ్ డాట్లలో (వెలుగును పీల్చి వదిలే నానో స్ఫటికాల్లో) ఏది మంచిది, క్వాంటమ్ యీల్డ్ (పీల్చుకున్న వెలుగు కణాల్లో, అంటే ఫోటాన్లలో, ఎంత శాతం తిరిగి వెలుగుగా వస్తుందో ఆ లెక్క) ఎక్కువ ఉన్నదే తీసుకోవాలా?

నేను కొన్నేళ్లు ఈ పలకలతోనే పనిచేశాను. నా ఓటు జింక్ సల్ఫైడ్ షెల్ (పై పొర) ఉన్న కాపర్ ఇండియం సల్ఫైడ్‌కే. క్వాంటమ్ యీల్డ్‌లో మంచి పెరోవ్‌స్కైట్ డాట్లు దీన్ని మించిపోతాయి. అయినా ఇదే ఎందుకంటున్నానో చెప్తాను.

పలక మీద పడ్డ ఎండను డాట్లు పీల్చుకుని, ఇంకో రంగు వెలుగుగా అన్ని వైపులకూ వదులుతాయి. పలకకు వాడే అక్రిలిక్ ప్లాస్టిక్ వక్రీభవన గుణకం 1.49. అందువల్ల ఆ వెలుగులో దాదాపు 75 శాతం సంపూర్ణాంతర పరావర్తనంతో లోపలే చిక్కుకుని, సోలార్ సెల్స్ అతికించిన అంచుల వైపు నడుస్తుంది. మిగతా 25 శాతం పైనుంచీ కిందనుంచీ జారిపోతుంది. ఇది ఏ డాట్లు వాడినా ఉండేదే.

అసలు గొడవ ఆ తర్వాత మొదలవుతుంది. దారిలో ఇంకో డాట్ ఆ వెలుగును మళ్లీ పీల్చుకుంటే 25 శాతం నష్టం మళ్లీ మొదటికొస్తుంది, క్వాంటమ్ యీల్డ్ కోత కూడా మళ్లీ పడుతుంది. ఒక్కసారి లెక్క వేసి చూడండి. యీల్డ్ 90 శాతం ఉన్న డాట్ల వెలుగు మూడుసార్లు పుట్టి అంచు చేరాల్సి వస్తే మిగిలేది 31 శాతమే. యీల్డ్ 70 శాతమే ఉన్నా ఒక్కసారి పుట్టి నేరుగా అంచుకు చేరితే 52 శాతం మిగులుతుంది. అందుకే ముందు స్టోక్స్ షిఫ్ట్ చూడండి, అంటే పీల్చుకునే రంగుకూ వదిలే రంగుకూ మధ్య ఎడం ఎంతుందో చూడండి. యీల్డ్ సంగతి ఆ తర్వాత.

మామూలు కాడ్మియం సెలినైడ్‌లో ఆ ఎడం చాలా తక్కువ. చిన్న కోర్ (డాట్ లోపలి భాగం) మీద బాగా మందమైన కాడ్మియం సల్ఫైడ్ షెల్ పెంచితే పీల్చే పని షెల్‌ది, వెలిగే పని కోర్‌ది అవుతుంది. 2014లో మిలానో-బికోకా, లాస్ అలమోస్ పరిశోధకులు ఈ పద్ధతితోనే పెద్ద పలకలు చేసి చూపించారు. చాలా అందమైన ఆలోచన అది. కానీ కాడ్మియం విషపదార్థం. ఐరోపా నిబంధనల్లో ఎలక్ట్రానిక్ వస్తువులకు దాని పరిమితి 0.01 శాతమే. మామూలు పెరోవ్‌స్కైట్‌కు సీసం సమస్య, తేమ సమస్య రెండూ ఉన్నాయి, పైగా ఎడం తక్కువ. యిటెర్బియం కలిపిన పెరోవ్‌స్కైట్ కథ వేరు. ఒక నీలి ఫోటాన్‌ను రెండు ఇన్‌ఫ్రారెడ్ ఫోటాన్లుగా మారుస్తుంది, తిరిగి పీల్చుకోవడం దాదాపు ఉండదు. అయితే అది వాడుకునేది ఎండలో నీలి భాగాన్నే.

కాపర్ ఇండియం సల్ఫైడ్‌లో వెలుగు రాగికి సంబంధించిన లోపలి స్థాయి నుంచి వస్తుంది. కాబట్టి ఎడం సహజంగానే పెద్దది. తయారీ కూడా కష్టం కాదు. కాపర్ అయొడైడ్, ఇండియం అసిటేట్‌లను డోడెకేన్‌థయాల్‌లో 200 డిగ్రీలు దాటించి వేడి చేస్తుంటే పసుపు, నారింజ, ఎరుపు దాటి ముదురు గోధుమ రంగు వరకు వెళ్తుంది. కోర్‌లు ఒక్కటే ఉంటే యూవీ టార్చి కింద మసకగా వెలుగుతాయి. జింక్ సల్ఫైడ్ షెల్ పడ్డాక తేడా కంటికే తెలుస్తుంది, ఎమిషన్ కాస్త నీలం వైపు జరుగుతుంది కూడా.

టెన్షన్ పెట్టేది పలక పోయడమే. టోలీన్‌లో నిర్మలంగా కనిపించిన డాట్లు అక్రిలిక్ గట్టిపడేటప్పుడు గుంపులు కడతాయి, పలక పాలిపోయినట్టు మసకబారుతుంది. మిథైల్ మెథాక్రిలేట్ బదులు లారిల్ మెథాక్రిలేట్ వాడండి. దాని పొడవాటి గొలుసు డాట్లను కప్పి ఉంచే లిగాండ్ అణువులతో బాగా కలుస్తుంది. గొలుసులను ఒకదానికొకటి కట్టే క్రాస్‌లింకర్‌గా ఇథిలీన్ గ్లైకాల్ డైమెథాక్రిలేట్ వేసి యూవీతో గట్టిపరచండి. అంతకుముందే డాట్లను బాగా కడగాలి, తయారీలో వాడిన థయాల్ మిగిలితే పాలిమర్ గొలుసులు పొట్టివై పలక జిగటగా ఉండిపోతుంది. ఆక్సిజన్ కూడా పాలిమరైజేషన్‌ను అడ్డుకుంటుంది, నైట్రోజన్ పంపడం మానకండి. తయారైన పలకను అచ్చు అక్షరాలకు కాస్త ఎత్తులో పట్టుకుని చదవండి, అక్షరాల అంచులు చెదిరితే డాట్లు గుంపు కట్టినట్టే.

కొలిచేటప్పుడు పలక కింద నల్లటి గుడ్డ పరవండి. తెల్ల బల్ల మీద పెడితే బల్ల మీంచి తిరిగొచ్చిన వెలుగు కూడా మీ లెక్కలో కలిసిపోతుంది. నీలి ఎల్ఈడీ చుక్కను అంచు నుంచి కొద్దికొద్దిగా దూరం జరుపుతూ అంచు దగ్గర స్పెక్ట్రమ్ తీయండి. రంగు ఎరుపు వైపు జరుగుతూ వెలుగు వేగంగా తగ్గిపోతుంటే తిరిగి పీల్చుకోవడం ఎక్కువగా ఉందన్నమాట. రంగుల డైలతో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కాపర్ ఇండియం సల్ఫైడ్‌తో జరగడం చాలా తక్కువ.

3 మి.మీ. మందంలో 10 సెం.మీ. చదరపు పలక తీసుకుంటే పైభాగం వైశాల్యం అంచుల వైశాల్యానికి 8 రెట్లే, 50 సెం.మీ. పలకకు దాదాపు 42 రెట్లు. మీరు చిన్న పలకతోనే చేస్తారు కాబట్టి అంచు నుంచి దూరాన్ని బట్టి వెలుగు ఎలా తగ్గుతుందో చూపే గ్రాఫ్‌ను రిపోర్టులో తప్పకుండా పెట్టండి. పెద్ద పలక ఎంతిస్తుందో లెక్కగట్టడానికి అదే ఆధారం.