స్క్వీజ్‌బాక్స్ రేడియోను రీసెట్ చేయకండి, ఇంట్లోనే సర్వరు పెట్టండి

స్క్వీజ్‌బాక్స్ అంటే కంప్యూటర్‌లోని సర్వరు అనే ప్రోగ్రాం నుంచి నెట్‌వర్కు ద్వారా పాటలు తీసుకుని వినిపించే లాజిటెక్ రేడియో. రాయగడలో మీ నాన్నగారి స్క్వీజ్‌బాక్స్ రేడియోకు సర్వరు దొరకడం లేదని, ఫ్యాక్టరీ రీసెట్ చేయవచ్చా (అంటే కొన్నప్పటి స్థితికి తేవచ్చా) అని అడిగారు. దయచేసి రీసెట్ జోలికి వెళ్లకండి. లాజిటెక్ ఈ రేడియోలను 2012లో ఆపేసింది. ఈ రేడియోల కోసం కంపెనీ నడిపిన మైస్క్వీజ్‌బాక్స్ సైటు 2024లో మూతపడింది. రీసెట్ చేస్తే వైఫై వివరాలు చెరిగిపోతాయి, పైగా పాత ఫర్మ్‌వేర్ (రేడియో లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఉంటే మూతపడిన ఆ సైటు కోసమే వెతుక్కుంటుంది.

పర్లాకిమిడిలో మా ఇంట్లోనూ ఇదే రేడియో ఉంది, ఇవాళ పొద్దున కూడా మోగింది. పాటల జాబితా అంతా చూసుకుంటూ ఒక్కో పాటను రేడియోకు పంపేది సర్వరు ప్రోగ్రాం. అది ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్‌ను ఎవరైనా చూసి మార్చుకోవచ్చు. అందుకే కంపెనీ వదిలేసినా వాడుకరులు వదల్లేదు. ఇప్పుడు లిరియన్ మ్యూజిక్ సర్వర్ అనే పేరుతో ఉచితంగా దొరుకుతుంది. పాత ల్యాప్‌టాప్ చాలు, రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ అయితే కరెంటు ఖర్చు తక్కువ.

ఇంట్లో సర్వరు ఉంటే ఏమిటి లాభమో నాకు 2018 అక్టోబరులో తెలిసింది. తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. మా వీధికి కరెంటు వచ్చాక కూడా చాలా రోజులు ఇంటర్నెట్ రాలేదు. నాన్న పాడిన పౌరాణిక పద్యాలను క్యాసెట్ల నుంచి సర్వరు ఉన్న ల్యాప్‌టాప్‌లోకి అంతకుముందే ఎక్కించాను. ఆ రోజుల్లో ఒక రాత్రి అమ్మ రేడియో మీట తిప్పింది. ముందు హార్మోనియం శ్రుతి, తర్వాత నాన్న గొంతు సవరించుకోవడం, ఆపైన పద్యం. బడిలో ఒడియా చదువుకునే మా పిల్లలు తాతగారి తెలుగు విన్నది ఈ పెట్టెలోనే. దీన్ని పాత సామానులో వేయడానికి నాకు మనసొప్పదు.

ఇక మీ పని. సర్వరు ఎక్కించాక బ్రౌజర్‌లో ఆ కంప్యూటర్ ఐపీ చిరునామా (నెట్‌వర్కులో దాని నంబరు), దాని పక్కన కోలన్, 9000 కొట్టండి. పేజీ తెరుచుకుంటే సర్వరు బాగానే ఉన్నట్టు. తర్వాత రేడియోలో మై మ్యూజిక్ కింద స్విచ్ లైబ్రరీకి వెళ్లి మీ సర్వరును ఎంచుకోండి. అక్కడ కనిపించకపోతే ఎక్కువగా లోపం నెట్‌వర్కులోనే ఉంటుంది. నేను రెండు రోజులు తల పట్టుకున్నది ఇక్కడే: కేబుల్ వాళ్లిచ్చిన రౌటరుకు సర్వరు, నేను కొన్న రౌటరుకు రేడియో తగిలించి ఉన్నాయి. రెంటినీ ఒకే రౌటరు కిందికి తెచ్చాక వెంటనే దొరికింది. కంప్యూటర్‌లోకి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే ఫైర్‌వాల్‌లో 9000, 3483 పోర్టులు (సర్వరు, రేడియో మాట్లాడుకునే దారులు) తెరిచి ఉంచండి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా సర్వరు కంప్యూటర్ ఐపీ చిరునామా మారకుండా రౌటరులో దాన్ని స్థిరంగా కేటాయించండి.

కొత్త రౌటరు పెట్టించి ఉంటే మరో చిక్కు. ఈ రేడియోకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు, డబ్ల్యూపీఏ3 అనే కొత్త వైఫై భద్రతా పద్ధతి తెలియదు. రౌటరును డబ్ల్యూపీఏ2కు మార్చండి, కుదరకపోతే వెనుక ఉన్న ఈథర్‌నెట్ రంధ్రంలో తీగ పెట్టండి. అన్నీ కుదిరాక వాడుకరులు తయారుచేసిన ఫర్మ్‌వేర్ ఎక్కించుకోవచ్చు, తొందరేమీ లేదు.

ముందు వైపు 1 నుంచి 6 వరకు ఉన్న బటన్లలో ఏది నొక్కితే ఏది మోగాలో కొత్త సర్వరులో మళ్లీ నింపాలి. అది మాత్రం నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. మా అమ్మ మెనూల్లోకి వెళ్లదు. 1 నొక్కితే నాన్న పద్యాలు రావాలి, అంతే.