కొండకు బయలుదేరే ముందు వాచీతో చేయించుకోవలసిన పనులు

ప్రశ్న: చదువు కోసం ఈ మధ్యనే మాంచెస్టర్ వచ్చాను. వచ్చేముందు హైదరాబాద్‌లో ఒక స్పోర్ట్స్ వాచీ కొనుక్కున్నాను. వారాంతాల్లో మిత్రులతో కలిసి లేక్ డిస్ట్రిక్ట్ కొండలు ఎక్కాలని ఉంది. వాచీ తరచూ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడుగుతోంది. చేయాలా, వద్దా? అందులోని దారి చూపే సదుపాయాన్ని నమ్ముకొని కొండ ఎక్కవచ్చా?

జవాబు: అప్‌డేట్ తప్పకుండా చేయండి. అయితే శుక్రవారం రాత్రి, అంటే మరునాడు తెల్లవారుజామున రైలెక్కబోతూ, చేయకండి. సాఫ్ట్‌వేర్ మారినప్పుడు కొన్ని మోడళ్లలో దిక్సూచిని మళ్లీ సరిచేసుకోవలసి వస్తుంది, మీరు శ్రద్ధగా అమర్చుకున్న తెరలు ఒక్కోసారి పాత స్థితికి వెళ్లిపోతాయి, అరుదుగా కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే దోషం ఉండి బ్యాటరీ మామూలు కంటే త్వరగా అయిపోతుంది. వీటిలో ఏది జరిగినా అది మీకు ఇంటి పక్క పార్కులో తెలియాలి గాని, మంచు కమ్మిన కొండ భుజం మీద కాదు. కనుక ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందే అప్‌డేట్ ముగించి, ఆ తరువాత ఒకసారి దగ్గరలోనే ఏదో ఒక రూట్ తెరిచి అరగంట నడిచి, బాణం గుర్తు సరైన దిక్కు చూపుతున్నదో లేదో చూసుకోండి.

ఇది అతిజాగ్రత్త కాదు. 2025 జనవరి చివరలో ప్రపంచమంతటా గార్మిన్ అనే కంపెనీ స్పోర్ట్స్ వాచీలు అనేకం తెర మీద ఒక నీలి త్రికోణం చూపిస్తూ అక్కడే నిలిచిపోయాయి. చాలావాటిని ఆపి, మళ్లీ ఆన్ చేసి, ఫోన్‌తో సింక్ చేస్తే దారికి వచ్చాయి గాని, కొన్నింటిలో ఉన్నదంతా చెరిపివేసి మొదటి నుంచి అమర్చుకోవలసి వచ్చింది. కంపెనీలు కూడా ఈ భయంతోనే కొత్త సాఫ్ట్‌వేర్‌ను అందరికీ ఒకేసారి పంపకుండా, ముందు కొద్దిమందికి ఇచ్చి, ఫిర్యాదులు రాకపోతే మిగిలినవారికి విడుదల చేస్తుంటాయి. మీ గది మిత్రుడి వాచీకి వచ్చిన అప్‌డేట్ మీకు ఇంకా రాలేదంటే కారణం సాధారణంగా ఇదే. పరీక్ష దశలో ఉన్న బీటా సాఫ్ట్‌వేర్‌ను మాత్రం కొండ నడకకు వాడే వాచీలో అసలు పెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం.

అలాగని అప్‌డేట్ జోలికే పోకుండా ఉండడమూ సరికాదు. జీపీఎస్ ఉపగ్రహాలు వారాలను 1024 వరకు లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడతాయి. ఆ మలుపు 2019 ఏప్రిల్ 6న వచ్చినప్పుడు, సాఫ్ట్‌వేర్ మారని కొన్ని పాత పరికరాలు తేదీని దాదాపు 20 ఏళ్లు వెనక్కు చూపించాయి. అందువల్ల ఇక్కడ సెకండ్ హ్యాండ్‌లో చవకగా వచ్చిందని పాత వాచీ కొనదలచినవారు, బెల్టు ఎంత కొత్తగా ఉందో చూడడానికి ముందు, ఆ మోడల్‌కు కంపెనీ ఇంకా అప్‌డేట్‌లు ఇస్తున్నదో లేదో చూసుకోవాలి.

సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేకుండా వాచీకి చడీచప్పుడు లేకుండా చేరేది మరొకటి ఉంది. రాబోయే కొన్ని రోజుల్లో ఏ ఉపగ్రహం ఆకాశంలో ఎక్కడ ఉంటుందో ముందే చెప్పే చిన్న ఫైలు అది, ఫోన్‌తో సింక్ చేసినప్పుడు దిగుతుంది. అది తాజాగా ఉంటే వాచీ తానున్న చోటును కొన్ని సెకన్లలో పట్టుకుంటుంది, పాతబడితే నిమిషాల తరబడి వెతుక్కుంటుంది. బయలుదేరే రోజు ఉదయం గదిలో ఉండగానే ఒకసారి సింక్ చేయడం వల్ల ఈ ఇబ్బంది తప్పుతుంది.

ఇక మీ వాచీలో నిజంగా మ్యాప్ ఉన్నదో లేదో తెలుసుకోండి. ప్రకటనల్లో నావిగేషన్ అన్న మాట అన్నింటికీ ఉంటుంది గాని, గార్మిన్ ఫోర్‌రన్నర్ 165, 265, కోరోస్ కంపెనీ పేస్ 3 వంటి మోడళ్లలో కనిపించేది ఖాళీ తెర మీద ఒక గీత, దాని మీద మీరున్న చోటు మాత్రమే. వాగు ఎక్కడ ఉంది, పక్కనుంచి చీలిన బాట ఎక్కడికి పోతుంది అన్నది ఆ గీత చెప్పదు. ఫోర్‌రన్నర్ 965, ఫీనిక్స్ 7 ప్రో వంటి ఖరీదైన మోడళ్లలో పూర్తి మ్యాప్ ఉంటుంది. అయితే ఇండియాలో కొన్న వాచీలో యూరప్ మ్యాప్ లేకపోవచ్చు. గార్మిన్ కొత్త మోడళ్లలో ఆ మ్యాప్‌ను వాచీలోని మ్యాప్ మేనేజర్ నుంచి ఉచితంగానే దించుకోవచ్చు గాని, అది అనేక జీబీల ఫైలు కావడం వల్ల వైఫై మీద గంటలు పడుతుంది, అంతసేపూ వాచీ చార్జింగ్‌లో ఉండాలి. విద్యార్థులకు ఇక్కడ మరో చిక్కు ఉంది: యూనివర్సిటీ హాస్టళ్లలో ఉండే ఎడ్యూరోమ్ వైఫై యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ అడిగే రకం కనుక గార్మిన్ వాచీలు దానికి కలవవు. గార్మిన్ ఎక్స్‌ప్రెస్ ప్రోగ్రామ్ ఉన్న ల్యాప్‌టాప్‌కు వాచీని కేబుల్‌తో కలిపితే పని త్వరగా, నమ్మకంగా అవుతుంది.

రూట్‌ను ల్యాప్‌టాప్ పెద్ద తెర మీద గీసుకోండి. కొమూట్, స్ట్రావా, బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఓఎస్ మ్యాప్స్, ఈ యాప్‌లలో దేనిలో గీసినా జీపీఎక్స్ ఫైలుగా, అంటే దారిని దాచే మామూలు రకం ఫైలుగా, తీసుకొని చాలా కంపెనీల వాచీల్లోకి పంపుకోవచ్చు. పంపిన తరువాత ఫోన్ యాప్‌లో కనిపించిందని సరిపెట్టుకోకుండా, వాచీలోనే ఆ రూట్ పేరు తెరిచి చూడాలి. 2020 జూలైలో సైబర్ దాడి వల్ల గార్మిన్ కనెక్ట్ యాప్ సేవలు కొన్ని రోజులు నిలిచిపోయినప్పుడు వాచీలు నడకలను మామూలుగానే నమోదు చేశాయి, అప్పటికే లోపలికి చేరిన రూట్‌లు పనిచేశాయి. కొండ లోయల్లో ఫోన్ సిగ్నల్ లేకపోవడం ఇక్కడ మామూలు విషయం కనుక, దారిలో దించుకుందామన్న ఆలోచన పెట్టుకోవద్దు. ఎడమకు తిరగండి, కుడికి తిరగండి అనే సూచనలు కూడా అన్ని ఫైళ్లలో ఉండవు. గీత దాటినప్పుడు వచ్చే హెచ్చరిక ఆన్‌లో ఉన్నదో లేదో చూసుకోండి.

ఇప్పుడు మీ ప్రశ్నలోని అసలు సంగతికి వస్తాను. వాచీ మీరు గీతకు ఎంత దగ్గరగా ఉన్నారో కచ్చితంగా చెబుతుంది గాని, ఆ గీత మంచిదో కాదో చెప్పలేదు. రూట్ గీసే యాప్‌లు చాలావరకు, జనమే కలిసి తయారుచేసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే మ్యాప్ ఆధారంగా, జనం ఎక్కువగా నడిచిన బాటలను ఇష్టపడుతూ దారి కూర్చుతాయి. జనం అంటే ఎవరు? లేక్ డిస్ట్రిక్ట్‌లో కొండల మీద పరుగెత్తే పందెగాళ్లూ, తాళ్లతో రాళ్లెక్కేవారూ ఆ లెక్కలోనే ఉంటారు. అక్కడి హెల్వెలిన్ కొండకు చేరే స్ట్రైడింగ్ ఎడ్జ్ అనే రాతి అంచు ఎంతో ప్రసిద్ధమైన దారి, రెండు పక్కలా లోయ ఉన్న దారి కూడా. 2021 జూలైలో స్కాట్లాండ్‌లోని పర్వతారోహణ సంస్థలు, గూగుల్ మ్యాప్స్ బెన్ నెవిస్ శిఖరం వైపు చూపుతున్న దారి ప్రాణాంతకం కావచ్చునని బహిరంగంగా హెచ్చరించవలసి వచ్చింది. అందుచేత యాప్ గీసిన గీతను 1:25,000 కొలతలో ఉండే ఆర్డ్‌నెన్స్ సర్వే ఎక్స్‌ప్లోరర్ మ్యాప్‌తో పోల్చి చూడండి. అందులో నడిచే హక్కు ఉన్న బాటలు ఆకుపచ్చ గీతలుగా, ఎత్తు చూపే రేఖలు గోధుమరంగులో ఉంటాయి. గోధుమ రేఖలు ఒకదానిపై ఒకటి ఎక్కినట్లు కనిపించే చోట మీ రూట్ పోతున్నదంటే అక్కడ చేతులు కూడా వాడవలసి వస్తుందన్నమాట. ఆ కాగితపు మ్యాప్‌ను సంచిలో పెట్టుకోవడం పాతకాలపు అలవాటని ఈ తరంవారు నవ్వుతారు, నవ్వనివ్వండి.

సమయం విషయంలోనూ వాచీ అంచనాను మొదటి గంటలో నమ్మకండి. చాలా వాచీలు మీ ప్రస్తుత వేగాన్నే చివరిదాకా సాగదీసి లెక్కవేస్తాయి. స్కాట్లాండ్‌కు చెందిన విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇక్కడివారు ఇప్పటికీ వాడుతున్నారు: ప్రతి ఐదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే ఎత్తయిన కొండ స్కాఫెల్ పైక్ 978 మీటర్లు. దాని దిగువనున్న వాస్‌డేల్ హెడ్ నుంచి ఎక్కి దిగడానికి దాదాపు 9 కిలోమీటర్ల నడక, సుమారు 900 మీటర్ల ఎక్కుడు. ఈ లెక్కన మూడు గంటల ఇరవై నిమిషాలు, అలవాటు లేనివారికి, విశ్రాంతితో కలిపి, ఐదారు గంటలు. అలిపిరి నుంచి తిరుమలకు నడిచిన దూరం కూడా ఇంతే కదా అని మనవాళ్లు అంటుంటారు. ఆ దారిలో మెట్లున్నాయి, పైకప్పు ఉంది, దీపాలున్నాయి, గోవింద నామం పలుకుతూ వెనుక వచ్చే జనం ఉన్నారు. ఇక్కడ ఉన్నది తడిసిన రాళ్ల కుప్ప, పైగా డిసెంబరులో సాయంత్రం నాలుగు గంటలకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు.

చలిలో బ్యాటరీ త్వరగా దిగుతుందని, మ్యాప్ తెరను ఎప్పుడూ వెలిగించి ఉంచితే ఇంకా త్వరగా దిగుతుందని గుర్తుంచుకొని, పూర్తి చార్జింగ్‌తో బయలుదేరండి. హెడ్‌టార్చ్, ఫోన్ కోసం ఒక పవర్‌బ్యాంక్ వెంట ఉండాలి. పడిపోతే వాచీయే సహాయం పిలుస్తుందని చాలామంది అనుకుంటున్నారు. సొంతంగా సిమ్ సదుపాయం లేని వాచీ ఆ సందేశాన్ని మీ ఫోన్ ద్వారానే పంపాలి, ఫోన్‌కు సిగ్నల్ లేకపోతే అది ఎక్కడికీ పోదు.

ఆపద వస్తే 999 లేదా 112కు ఫోన్ చేసి, ముందు పోలీసులను, ఆ తరువాత మౌంటెన్ రెస్క్యూను, అంటే కొండల్లో చిక్కుకున్నవారిని కాపాడే బృందాన్ని, అడగాలి. నేరుగా అంబులెన్స్ అడిగితే కబురు వారికి చేరడం ఆలస్యం కావచ్చు. వచ్చేవారు స్వచ్ఛంద సేవకులు, డబ్బు అడగరు. స్టూడెంట్ వీసా మీద ఉన్నాము, బిల్లు ఎంతవుతుందో అని జంకుతూ చీకటి పడేదాకా ఆగవద్దు. మాట్లాడేందుకు సిగ్నల్ చాలని చోట ఎస్సెమ్మెస్ పోవచ్చు కనుక, రిజిస్టర్ అన్న మాటను ఇంగ్లీషులో 999కు పంపి మీ నంబరును ఇప్పుడే నమోదు చేసుకోండి. వాచీ సెట్టింగ్‌లలో స్థానం చూపే పద్ధతిని బ్రిటిష్ గ్రిడ్‌కు, అంటే ఇక్కడి మ్యాపుల మీది గళ్ల లెక్కకు, మార్చి పెట్టుకుంటే, రెండు అక్షరాలతో మొదలయ్యే ఆ గ్రిడ్ నంబరును తెర మీద చూసి వారికి చదివి చెప్పవచ్చు; కాగితపు మ్యాప్ మీద ఉండేదీ, రెస్క్యూవారు అడిగేదీ అదే నంబరు.