ఓర్చుకోకు తల్లీ

చిట్టితల్లీ,

మీ అమ్మ ఫోన్ చేసింది. యాంటీ సీసీపీ అనే రక్త పరీక్ష పాజిటివ్ వచ్చిందట, రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం అని డాక్టరు తేల్చారట. "ఎంత నొప్పి ఉన్నా పైకి అనదక్కా, ఓర్పు గల పిల్ల" అని మెచ్చుకుంటూ చెప్పింది. ఆ మాటకే నాకు భయమేసింది.

ఈ జబ్బుకి ఓర్పు పనికిరాదమ్మా. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద పడి వాపు తెస్తుంది. ఆ వాపుని వదిలేస్తే మృదులాస్థినీ ఎముకనీ కొరికేస్తుంది. మొదటి ఒకటి రెండేళ్లలోనే బోలెడు నష్టం జరిగిపోవచ్చు, ఒకసారి వంకరపోయిన వేలు మందులతో తిన్నగా కాదు. నొప్పి మాత్రతో ఆ పూట గడుస్తుంది గానీ లోపలి పని ఆగదు. దాన్ని ఆపేవి మెథోట్రెక్సేట్ లాంటి మందులు. వాటి గుణం తెలియడానికే 6 నుంచి 12 వారాలు పడుతుంది. పదిహేను రోజులు వాడి, ఏం తగ్గలేదని మానేసి, చేతులు పాడయ్యాక మళ్లీ వచ్చినవాళ్లని డాక్టరు గది బయట బెంచీల మీద ఎంతమందినో చూశాను.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. ఇది మాత్రం మనసులో గట్టిగా పెట్టుకో. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. నేను స్ట్రిప్ మీద స్కెచ్ పెన్నుతో "ఆదివారం" అని రాసి, రోజువారీ మందుల డబ్బాలో కలవకుండా విడిగా పెడతాను. ఫోలిక్ యాసిడ్ ఏ రోజు వేసుకోవాలో డాక్టరు రాసిస్తారు, అది మానకు. మర్నాడు కాస్త వికారంగా, నీరసంగా ఉండొచ్చు. మరీ ఇబ్బందైతే చెప్పు, మోతాదు మారుస్తారు, ఇంజక్షన్ కూడా ఉంది. రక్త పరీక్షలు చెప్పిన గడువుకి చేయించుకో, కాలేయం, రక్తకణాలు చూడాలి కదా. జ్వరమొస్తే ఆ వారం మాత్ర వేసుకునే ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యి. ఇంకో మాట. పిల్లల ఆలోచన ఉంటే ముందే చెప్పాలి, ఈ మందు కడుపులో బిడ్డకి మంచిది కాదు. కొన్ని నెలల ముందే ఆపి వేరేది ఇస్తారు. అత్తగారి ముందు ఎలా అడగడమని సిగ్గుపడకు.

ఇక పొద్దుటి సంగతి. లేవగానే పిడికిలి బిగియదు, బ్రష్ పట్టు నిలవదు, పాల ప్యాకెట్ చింపబోతే బొటనవేలి మొదట్లో సూది దిగినట్టుంటుంది. ఆ గంటని పనులకి ఇవ్వకు. ఆఫీసుకి బయల్దేరాల్సిన టైముకి గంటన్నర ముందు లేచి, పక్క మీదే వేళ్లు మెల్లగా ముడిచి తెరువు, మణికట్లు తిప్పు, తర్వాత గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో చేతులు ముంచి కూర్చో. డిసెంబరు చలిలో ఇది నాకు మాత్రతో సమానం. కీలు ఎర్రబడి వేడిగా ఉన్న రోజు మాత్రం ఐస్ గుడ్డలో చుట్టి పెట్టు.

ప్యాకెట్ కత్తెరతో కత్తిరించు. నీళ్ల గిన్నె వేళ్లతో కాకుండా రెండు అరచేతులు కింద పెట్టి ఎత్తు. తడిగుడ్డ పిండాలంటే కుళాయి చుట్టూ వేసి మెలితిప్పు. ఇంట్లో గుండ్రటి కుళాయిలు తీసేసి లివర్ కుళాయిలు పెట్టించమని మీ ఆయనకి చెప్పు. పెద్ద ఖర్చేం కాదు, రోజూ ఎన్నిసార్లు తిప్పుతామో లెక్కేసుకో!

తార్నాక నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో వెళ్తావుగా, రైలు మారక్కర్లేదు, అది నీ అదృష్టం. లిఫ్ట్ ముసలివాళ్లదని మెట్లెక్కకు. నిలబడాల్సి వస్తే కడ్డీని వేళ్లతో బిగించకుండా మోచెయ్యి చుట్టి పట్టుకో. సీటు అడుగు. "చూడ్డానికి బాగానే ఉన్నావుగా" అనేవాళ్లు ఉంటారు, అననీ. ల్యాప్‌టాప్ బ్యాగ్ రెండు భుజాలకీ తగిలించుకో.

అలసట గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. అది బద్ధకం కాదు, ఒంట్లో వాపు చేసే పని. సాయంత్రం ఇంటికి రాగానే అరగంట పడుకుంటానని అందరికీ వినపడేలా చెప్పు. చపాతీలు ఒత్తడం ఇంకెవరైనా చేస్తారు.

పులుపు మానమని, వంకాయ మానమని ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చెబుతారు. ఏదైనా తిన్నాక నీకు నిజంగా పడలేదనిపిస్తే మానుకో, అంతవరకే. ఏ పథ్యమూ ఈ జబ్బుని పోగొట్టదు. ఫలానా చోట పొడి ఇస్తున్నారు, మూడు రోజుల్లో లేచి పరిగెత్తారని ఎవరైనా అంటే మాత్రం జాగ్రత్త. పేరూ వివరాలూ లేని అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు ఉన్నాయి. డాక్టరు ఇచ్చే స్టెరాయిడ్ వేరు, కొలత ప్రకారం ఇస్తారు, కొలత ప్రకారం తగ్గిస్తారు. నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపకూడదు.

ఎముకల డాక్టరు దగ్గరే ఆగిపోకు, రుమటాలజిస్టు, అంటే ఇలాంటి కీళ్ల జబ్బుల డాక్టరు చూడాలి. ఖర్చు భారమైతే పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది. వెళ్లేటప్పుడు పొద్దున బిగుసుకుపోవడం ఎంతసేపు ఉంటోందో, ఏ కీళ్లు వాచాయో కాగితం మీద రాసుకెళ్లు. డాక్టరు అడగ్గానే "పర్లేదండీ" అనే అలవాటు నీకుంది. ఆ గదిలో ఆ మాట అనకు. నొప్పి ఉన్నది ఉన్నట్టు చెబితేనే మందు సరిపోతోందో లేదో వాళ్లకి తెలుస్తుంది.

వచ్చే ఆదివారం నేను మీ ఇంటికి వస్తున్నాను. మీ అత్తగారితో నేనే మాట్లాడతాను. రిపోర్టులన్నీ తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టి ఉంచు. వంట పెట్టుకోకు, నేను తెస్తాను.

మీ పెద్దమ్మ
నల్లకుంట, హైదరాబాద్